దొరగుట్టకు సున్నం కొట్టే జీవమ్మ

ఈస్టరుకు ముందు శనివారం మా మేనత్త జీవమ్మ కంట పడకూడదు. పడ్డామా, చేతికి సున్నం బక్కెట్టు వచ్చేస్తుంది. నేను ఆళ్లగడ్డలో హైస్కూలు టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని, మోకాళ్ళ నొప్పులకు మాత్రలు మింగుతున్నదాన్ని. ఇవేవీ ఆమె దగ్గర చెల్లవు. "జ్యోత్స్నా, కాళ్ళుండాయి కదా, గుట్టెక్కు" అంటుంది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి ఇంకో బక్కెట్టు పట్టుకుని నాకంటే ముందు నడుస్తుంటే నోరెత్తడానికి ఏముంటుంది? సణుక్కుంటూ ఎక్కుతాను. ఆ సణుగుడు కూడా ఆమెకు వినపడేట్టే సణుగుతాను, అదొక్కటే నాకు మిగిలిన స్వతంత్రం.

మా ఊరు దిగువకొట్టాల. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయే రోడ్డు వదిలి శనగచేల మధ్య లోపలికి పోవాలి. ఊరి వెనకాలే దొరగుట్ట. పెద్ద కొండేమీ కాదు గానీ నెత్తిన చదునుగా, మంచి గాలి తగిలేట్టు ఉంటుంది. ఆ చదునులో కూలిపోయిన గోడలు, ఎవరు కట్టారో తెలియని రాతిమెట్లు, మధ్యలో ఇటుకలతో గుండ్రంగా కట్టిన దిమ్మె ఒకటి. దిమ్మె మీద మన్ను పోగుపడి గడ్డి మొలిచింది. చుట్టూ మాత్రం తెల్లగా మెరుస్తుంటుంది. ఎండ బాగా కాసినప్పుడు రోడ్డు మీది బస్సులోంచి కూడా కనిపిస్తుంది. ఆ తెలుపు మా అత్త చలవే.

అది దొర సమాధి అని మావాళ్ళ నమ్మకం. ఆ దొర పేరేమిటో, ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు. మా ముత్తాతల కాలంలో గుర్రం మీద వచ్చాడట. చెట్ల కింద కూర్చుని బైబిలు వాక్యం చెప్పేవాడట. పిల్లలు కనిపిస్తే జేబులోంచి బెల్లం ముక్కలు తీసి పంచేవాడట. జ్వరంతో పోతూ, నన్ను ఆ గుట్ట మీద పెట్టండి అన్నాడట. అంతా 'అట' లే. కానీ మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళలో పుట్టిన ప్రతి పిల్లా ఆ కథ వింటూనే అన్నం తిన్నది. నేనూ తిన్నాను.

ఈస్టరు వస్తోందంటే మావాళ్ళు ఎవరి సమాధులకు వాళ్ళు సున్నాలు కొట్టుకుంటారు. దొరకు ఊళ్ళో చుట్టాలు లేరు కాబట్టి ఆ పని ఎవరో ఒకరు మీదేసుకోవాలి. మా అత్త వేసుకుంది. దొర మీద భక్తితో అని ఊరంతా అనుకుంటుంది. అసలు కారణం ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆమె తొలి బిడ్డ ప్రేమకుమారి ఆ గుట్ట మీద ఉంది.

ఆ పిల్ల పుట్టి పాలు తాగడం బాగా నేర్చుకోకముందే పోయింది. అవి ముసురు రోజులు. వాగు పొంగి సమాధుల తోట మునిగింది. మా మామ ఏసయ్య బిడ్డను తన కొత్త తువ్వాలులో చుట్టుకుని వానలోనే గుట్టెక్కాడు. దొర సమాధికి తూర్పుపక్క గుంత తీసి, పెట్టి, గుర్తుగా చిన్న నాపరాయి నిలబెట్టాడు. అత్త పచ్చి బాలింత. ఆమెను కదలనివ్వలేదు. వాకిట్లో కూర్చుని గుట్టకేసి చూస్తూ ఉండిపోయింది. మామ తడిసిపోయి దిగొచ్చి ఒక్క మాట చెప్పాడట. "దొర పక్కన్నే పెట్టినా. ఆయప్పకు పిల్లోళ్ళంటే ఇష్టం కదా. సూసుకుంటాడు."

ఆ మాట పట్టుకునే మా అత్త మళ్ళీ అన్నం తిన్నది. మరుసటి ఏడు ఈస్టరుకు సున్నం మోసుకుంటూ గుట్టెక్కింది. అప్పట్నుంచి ఒక్క ఏడూ మానలేదు. కొడుకు ఎడ్విన్ కడుపులో ఉన్నప్పుడూ ఎక్కింది, మామ పోయిన ఏడూ ఎక్కింది. ముందు దొరకు రెండు పూతలు, తర్వాత మిగిలిన సున్నంతో బిడ్డ రాయికి. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగాను. "బిడ్డను సూసుకునేటోడికి ముందు చెయ్యాల కదా" అంది. అద్దె కట్టినంత మామూలుగా చెప్పింది.

ఆ సున్నం ముచ్చట కూడా చెప్పాలి. రంగుల డబ్బాలంటే ఆమెకు మంట. సున్నపురాళ్ళు తెచ్చి బానలో వేసి నీళ్ళు పోస్తుంది. అది కుతకుత ఉడికి చల్లారాక గుడ్డలో వడకట్టి, చిటికెడు నీలిమందు కలుపుతుంది. కుంచె ఈతమట్టను బండ మీద దంచి చేసిందే కావాలి. ఎడ్విన్ పాలిష్ బండల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఒకసారి ముచ్చటపడి ప్లాస్టిక్ కుంచె కొనుక్కొస్తే, దాన్ని కోళ్ళగూడు కడగడానికి ఇచ్చేసింది. ఇక సమాధికి ఒళ్ళు రుద్దుకునే మేకలను, దాని మీద కూర్చుని పేకాడే మగవాళ్ళను ఆమె తిట్టే తిట్లు ఇక్కడ రాయను. చర్చిలో పాటలు పాడేదీ ఆ నోటితోనే. అక్కడా శృతి తప్పుతుంది గానీ ఎవరికీ చెప్పే ధైర్యం లేదు.

పోయిన చలికాలంలో గుట్ట మీద సెల్ టవర్ వేద్దామని గుంత తీస్తే, తామరపువ్వు చెక్కిన రాయి బయటపడింది. టవర్ ఆగిపోయింది, పురావస్తు శాఖవాళ్ళు దిగారు. వాళ్ళకు పెద్ద ప్రవళిక అనే అమ్మాయి. నంద్యాల పిల్లే. పొద్దున్నే ఉగ్గాని పొట్లం తెచ్చుకుని గుట్ట మీదే తిని, టోపీ పెట్టుకుని తవ్వకం మొదలుపెట్టేది. మా ఊరి ఆడవాళ్ళకు కూలి దొరికింది. తట్టలు మోస్తూ, మన్ను జల్లెడ పడుతూ గుట్టంతా సందడిగా ఉండేది.

మా అత్త కూలికి పోలేదు. గొడుగు పట్టుకుని కాపలాకు పోయింది. ప్రవళిక దిమ్మె దగ్గర తాడు కట్టి కొలతలు వేస్తుంటే ఎదురుగా పోయి నిలబడిందట.

"ఏం పాపా, సమాధులు తవ్వుతాండారా? మీ ఇండ్లల్లో పోయినోళ్ళు లేరా?"

"ఇది సమాధి అని ఎవరు చెప్పినారవ్వా?"

"చెప్పేదేంది? ఏడాదేడాదికీ సున్నం కొడ్తాండా కదా."

ప్రవళిక నెత్తి పట్టుకుని కూర్చుందట. "ఈ సున్నం కొట్టింది నువ్వేనా అవ్వా? దీన్ని గీకలేక మా చేతులు పడిపోతాండాయి. రొట్టె మందాన ఉండాది" అని. అత్త దాన్ని మెచ్చుకోలు అనుకుంది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. నా సున్నం గట్టిదనం చూసి ఆఫీసర్లే బిత్తరపోయారని.

ఆ పిల్ల ఓపికగా విడమర్చి చెప్పిందనుకోండి. అది స్తూపమని, ఆ చుట్టూ ఉన్నవి బౌద్ధ భిక్షువులు ఉండిన గదులని, గుట్ట మీద వాళ్ళ గుడి కూడా ఉండేదని, ఇదంతా రెండువేల ఏళ్ళ కిందటి మాట అని. అత్త అన్నీ విని, "ఉండొచ్చు. వాళ్ళు పోయినాక మా దొరను పెట్టినారు" అని తేల్చేసింది. అది తేలాలంటే తవ్వి చూడాల్సిందే.

తవ్వి చూశారు. నెలరోజులు కొద్దికొద్దిగా, గరిటెలతో, కుంచెలతో. ఒకచోట పైనుంచి లోపలిదాకా ఇటుక వరస కనిపించేలా దిగారు. ఆ ఇటుకల వరసను కట్టిననాటి నుంచి ఎవరూ కదిలించిన గుర్తే లేదు. పెట్టె లేదు, శిలువ లేదు, దొర లేడు. ప్రవళిక మా అత్తను పిలిచి, చెయ్యి పట్టుకుని దగ్గరకు తీసుకుపోయి చూపించింది. దాచిపెట్టడం మోసమనిపించిందని తర్వాత నాతో అంది. అత్త గొడుగు అక్కడే మర్చిపోయి దిగొచ్చేసింది.

మూడో నాడు ఎడ్విన్ ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ సరిగ్గా తింటంలేదు. బేగా రా." నేను పోయేసరికి వాకిట్లో కూర్చుని ఉంది. కోడలు చేసిన జొన్నరొట్టె పళ్ళెంలో ఎండిపోతోంది. ఈస్టరు వారం ఎదురుగా ఉంది, సున్నపుబాన బోర్లించే ఉంది. ఆ బాన చూసి నాకు భయమేసింది.

పక్కన కూర్చుని నాకు తోచిన మాటలన్నీ చెప్పాను. దొర ఇంకోచోట ఉండొచ్చు కదా అన్నాను. కథలు ఎప్పుడూ కొంచెం అటూ ఇటూ అవుతాయి అన్నాను. టీచరమ్మ తెలివితేటలన్నీ ఉపయోగించాను. ఆమె నా మాట వింటున్నట్టే లేదు.

"జ్యోత్స్నా, దొర లేడంటే, నా బిడ్డ ఇన్నేండ్లూ ఎవురి పక్కన ఉండాది?"

నేను ఎండిన రొట్టె పళ్ళెం పక్కకు జరిపాను.

"మీ మామ సూసుకుంటాడన్నాడు. నేను నమ్మి పండుకున్నా. వానొచ్చినప్పుడు, ఉరిమినప్పుడు, పక్కన పెద్దాయనుండాడు కదా అని నమ్మి పండుకున్నా. పసిబిడ్డను ఒంటరిగా గుట్ట మీద పెట్టి, ఈడ నేను దుప్పటి కప్పుకుని పండుకున్నానే."

ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఇన్నేళ్ళు ఆమె సున్నాన్ని, కుంచెను, శృతి తప్పిన పాటను వెక్కిరించుకుంటూ తిరిగాను గానీ, ఆ బక్కెట్టులో ఆమె ఏం మోసుకుపోతోందో అప్పుడే తెలిసింది. మా అత్త అంటే నాకు ఎంత ఇష్టమో కూడా అప్పుడే తెలిసింది.

మరునాడు ఆమే లేచి ఒక నిర్ణయం చెప్పింది. బిడ్డను దింపి, ఊళ్ళో సమాధుల తోటలో ఏసయ్య పక్కన పెట్టాలి. మా పాస్టరు ఎజ్రా అయ్యగారిని అడిగితే, శనివారం తానే వచ్చి ప్రార్థన చేస్తానన్నారు. ఈస్టరు తర్వాత గుట్ట మీద కంచె వేస్తారు కాబట్టి ఏం చేసినా ఈలోపే చెయ్యాలి. ప్రవళిక కూడా కాదనలేదు. ఆ రాయి తవ్వకం హద్దుకు అవతల ఉంది, పైవాళ్ళకు చెప్పి ఒప్పించింది. "కానీ అవ్వా, మన్ను తియ్యకముందు ఒకసారి నాతో మాట్లాడు" అని మాత్రం కోరింది.

శనివారం అందరం ఎక్కాం. ముందు అత్త, చేతిలో ఒక కొత్త తువ్వాలు. వెనకాల నేను, ఎడ్విన్ గడ్డపారతో, చివర ఆయాసపడుతూ అయ్యగారు. బక్కెట్టు లేకుండా అత్త గుట్టెక్కడం నేనెప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడిచింది.

బిడ్డ రాయి దగ్గర ఎడ్విన్ గడ్డపార దించాడు. ప్రవళిక వచ్చి అత్తను కొంచెం అవతలికి పిలిచింది. దిమ్మెకు తూర్పుపక్కనే, బిడ్డ రాయికి పది అడుగుల్లో, వాళ్ళు కొత్తగా తెరిచిన చోటు. ఇటుకలతో చిన్నచిన్న గుండ్రాలు, ఒకటి రోలంత, ఒకటి బావి గిలకంత. ఒకదాని మధ్యలో మన్ను పట్టిన చిన్న మట్టికుండ, దాని మీద మూత.

"ఇవేందమ్మా?" అంది అత్త.

"పెద్ద దిమ్మె అడుగున, మేము తవ్వనంత లోతున ఎవరో పెద్దాయన బూడిద పెట్టుంటారవ్వా, భిక్షువుల్లో గొప్పాయన. పేరు తెలీదు. ఇవి ఆయన పక్కన జనం కట్టుకున్నవి. వాళ్ళ ఇండ్లల్లో ఎవరైనా పోతే, ఆయన పక్కనుంటే మంచిదని ఇట్ల తెచ్చి పెట్టుకునేవాళ్ళు."

అత్త కాళ్ళు మడిచి కూర్చుంది. కుండకేసి వంగి చాలాసేపు చూసింది.

"బిడ్డ."

"అట్ల చెప్పలేమవ్వా, పరీక్షకు పంపించాల..."

"ఇంత కుండలో పెద్దోళ్ళు పడ్తారా?"

కాల్చిన బూడిదకు పెద్దాచిన్నా ఏముంది, పిడికెడే కదా అని చెప్పబోయి ప్రవళిక నా మొహం చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల ఊరుకుంది. చదువుకున్నవాళ్ళు సమయానికి ఊరుకోవడం కూడా నాకు చాలా ఇష్టం.

"ఈయమ్మ కూడా మా మాదిరే తెచ్చి పెట్టింది" అంది అత్త. కుండ పెట్టింది తల్లేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "మళ్ళా వచ్చి సూసుకున్యారా వీళ్ళు?"

"వచ్చేవాళ్ళే అనుకుంటా. తర్వాత్తర్వాత జనం ఈ చోటు వదిలేసినారు. వందల ఏండ్లు ఈడికి ఎవరూ రాలేదవ్వా."

అత్త చివ్వున తలెత్తింది. పాత జీవమ్మ గొంతు వచ్చేసింది.

"ఎవురూ రాకపోవడమేంది? నేను వస్తాండా కదా."

ప్రవళిక నవ్వబోయి నవ్వలేకపోయింది. "అవునవ్వా. నువ్వొస్తాండావు" అంది మెల్లగా.

అత్త అక్కడే కూర్చుని ఆ గుండ్రాలన్నీ ఒకటొకటిగా చూసింది. తర్వాత బిడ్డ రాయికేసి చూసింది. మళ్ళీ వీటికేసి చూసింది. వీధిలో కొత్తగా దిగినవాళ్ళ ఇల్లు ఎంత దూరమో చూసుకుంటున్నట్టు ఉంది. అయ్యగారు చేతిగడియారం చూసుకుని, ప్రార్థన మొదలుపెడదామా అన్నారు.

"వద్దు అయ్యగారూ" అంది అత్త లేస్తూ. "ఎడ్విన్, గడ్డపార ఎత్తుకో. బిడ్డ ఒంటరిగా లేదు. ఇంతమంది ఉండారు ఈడ. ఇప్పుడు దాన్ని లేపి ఊళ్ళోకి తోలుకపోతే, వీళ్ళ దగ్గరికి వచ్చేదానికి ఎవురుంటారు?"

ఎజ్రా అయ్యగారు మంచివారే గానీ ఒక పని అనుకుంటే అది జరగాలి ఆయనకు. ఏసయ్య పక్కన గుంత కూడా తీయించాం కదమ్మా అన్నారు. "దాంట్లో నేనే పండుకుంటాలే, తొందరేముంది" అంది అత్త. కంచె సంగతి నేను గుర్తుచేశాను. ప్రవళిక, గేటు పెట్టిస్తానని, కావలి మనిషికి చెప్పి ఉంచుతానని, అవ్వ ఎప్పుడొచ్చినా తెరుస్తారని చెప్పింది. ఒక్క షరతు పెట్టింది. దిమ్మెకు గానీ ఈ చిన్న ఇటుకలకు గానీ సున్నం తగలకూడదు.

అత్త చాలా బాధపడింది. "ఉత్తగా ఎట్ల వదిలేస్తారమ్మా పండగపూట" అని బతిమాలింది కూడా. చివరికి ఒప్పుకుంది. తెచ్చిన తువ్వాలుతో బిడ్డ రాయి మీది దుమ్ము తుడిచింది. అంతలో ఏదో గుర్తొచ్చి నా మీద పడింది. "సున్నం నానబెట్టలేదు కదమ్మే. ఏం చేస్తాండావ్ సూసుకుంటా? దిగు బేగా." మోకాళ్ళు, వయసు, ఉద్యోగం అన్నీ మర్చిపోయి దిగాను. ఆ సాయంత్రం బిడ్డ రాయికి రెండు పూతలు పడ్డాయి. ఈసారి ముందు కొట్టడానికి దొర దిమ్మె లేదు, రాయి చిన్నది, సున్నం చాలా మిగిలిపోయింది. ఆ మిగిలింది తెచ్చి తన ఇంటి ప్రహరీకి కొట్టింది. నాకు కుంచె ఇచ్చింది గానీ నా పూత చారలు పడిందని మళ్ళీ తనే కొట్టుకుంది.

ఆదివారం తెల్లవారకముందే సమాధుల తోట కొవ్వొత్తులతో నిండింది. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పాటలయ్యాక ఇంటికొకరు ముందుకొచ్చి, తమవాళ్ళలో నిద్రించినవారి పేర్లు పైకి చెప్పాలి. ఒక్కో ఇంటి పేర్లూ కాగానే జనమంతా, "ప్రభువునందు నిద్రించుచున్నారు" అనాలి. మా ఇంటి వంతు వచ్చింది. అత్త ముందుకు నడిచింది.

"ఏసయ్య" అంది. "ప్రేమకుమారి" అంది.

ప్రతి ఏడూ ఆ రెండు పేర్లే. అయ్యగారు తర్వాతి ఇంటివాళ్ళకేసి తిరిగారు. అత్త కదల్లేదు.

"ప్రేమకుమారి పక్కనుండే పిల్లకాయలు" అంది. "వాండ్ల అమ్మలు. ఆ పెద్దాయన. పేర్లు తెల్దు అయ్యగారూ. చెప్పేటోళ్ళు లేరు, అందుకని నేను చెప్తాండా."

అయ్యగారు నోరు తెరిచి అట్లాగే ఉండిపోయారు. వాళ్ళు మనవాళ్ళు కాదనాలా, ఊరుకోవాలా అని ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. ఆయన తేల్చుకునేలోపే జనం అలవాటు కొద్దీ, "ప్రభువునందు నిద్రించుచున్నారు" అనేశారు. నేనూ గట్టిగా అన్నాను. అత్త సరేనన్నట్టు తలూపి, తర్వాతి ఇంటివాళ్ళకు దారి ఇచ్చి, వచ్చి నా పక్కన నిలబడింది.